షట్‌డౌన్ చేశాక కూడా మౌస్ లైట్ వెలుగుతోంది, పొద్దున్నకి బ్యాటరీ పడిపోతోంది, ఏం చెయ్యాలి?

ప్రశ్న: నమస్తే అండీ. నా లాప్‌టాప్ కొని రెండేళ్ళయింది, విండోస్ 11, బ్యాటరీ 50 వాట్ అవర్లు అని అడుగున స్టిక్కర్ మీద ఉంది. రాత్రి 10 కి పని అయిపోయాక షట్‌డౌన్ చేసి చార్జర్ పీకేసి పడుకుంటాను. పడుకునే ముందు 80 శాతం ఉంటే పొద్దున్న 8 కి ఆన్ చేసేసరికి 68 చూపిస్తోంది, రోజూ ఇదే తంతు. మొన్న మధ్యరాత్రి నీళ్ళు తాగడానికి లేచి చూస్తే వైర్ మౌస్ అడుగున ఎర్ర లైట్ వెలుగుతూనే ఉంది, లాప్‌టాప్ మాత్రం ఆఫ్‌లోనే ఉంది. డివైస్ మేనేజర్‌లోకి వెళ్ళి యూఎస్‌బీ రూట్ హబ్‌లన్నిటికీ పవర్ సేవ్ చేసే టిక్కు ఉందో లేదో చూశాను, అన్నిటికీ ఉంది, అయినా తేడా లేదు. సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే బ్యాటరీ పోయింది, మార్చేయండి అన్నారు. నిజంగా బ్యాటరీయేనా, లేక ఆ మౌసే తాగేస్తోందా?

సమాధానం: ముందు ఒక మాట, బ్యాటరీ ఆర్డర్ పెట్టకండి, పెట్టేసుంటే కాన్సిల్ అవుతుందేమో చూడండి. మీ బ్యాటరీకి ఏమీ కాలేదని నేను గ్యారంటీ ఇవ్వట్లేదు, కానీ ఆ ఎర్ర లైట్ ఉంది చూశారా, దొంగ చేతిలో టార్చి పట్టుకుని మరీ కనిపిస్తుంటే ఇంకెవరినో అనుమానించడం ఎందుకు అని. లైట్ వెలిగిందంటే ఆ పోర్టుకి 5 వోల్టులు వస్తున్నట్టు, చార్జర్ పీకేశారు కాబట్టి ఆ 5 వోల్టులు బ్యాటరీ నుంచే రావాలి, వేరే దారి లేదు.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం, ఈ లెక్క వెయ్యకుండా ఎవరు ఏం చెప్పినా నమ్మొద్దు, నేను చెప్పినా సరే. ఒక వాట్ చొప్పున గంటసేపు లాగితే ఒక వాట్ అవర్ అని గుర్తు పెట్టుకోండి, 50 వాట్ అవర్లలో 12 శాతం అంటే 6 వాట్ అవర్లు. అందులో పొద్దున్న లాప్‌టాప్ బూట్ అవ్వడానికే కొంత పోతుంది, ఆన్ చేసి డెస్క్‌టాప్ వచ్చి మీరు బ్యాటరీ గుర్తు మీద వేలు పెట్టేసరికి రెండు నిమిషాలు అనుకుందాం, ఆ టైమ్‌లో మిషన్ 20 వాట్లు లాగితే అది దగ్గర దగ్గర 0.7 వాట్ అవర్లు, అంటే ఒక శాతం పైచిలుకు. చాలామంది దీన్ని కూడా రాత్రి ఖాతాలో రాసేస్తారు. అది తీసేస్తే మిగిలింది సుమారు 5.3, పది గంటలకి భాగిస్తే అర వాట్ కంటే కొంచెం ఎక్కువ. అదీ రాత్రంతా మీ లాప్‌టాప్‌లోంచి కారుతున్నది.

మరి మౌస్ ఎంత లాగగలదు? యూఎస్‌బీ 2.0 లెక్కలో మౌస్ లాంటి చిన్న డివైస్‌కి 100 మిల్లీ ఆంప్స్ దాకా పర్మిషన్ ఉంటుంది, 5 వోల్టుల దగ్గర అది అర వాట్. బ్యాటరీ వోల్టేజిని 5 వోల్టులకి మార్చే సర్క్యూట్ కూడా తన కమిషన్ తాను తీసుకుంటుంది కాబట్టి బ్యాటరీ వైపు నుంచి ఇంకొంచెం ఎక్కువే పోతుంది. అన్ని మౌస్‌లూ అంత లాగవు, కొన్ని అందులో సగం కూడా లాగవు, కానీ మీ లెక్క చూడండి, పై లిమిట్‌కి ఎంత దగ్గరగా వచ్చి కూర్చుందో. మౌస్ ఒక్కటే కాకపోయినా మౌస్ పాత్ర లేకుండా మాత్రం ఇది జరగట్లేదు అని నా అభిప్రాయం.

నిజానికి యూఎస్‌బీ రూల్స్ ప్రకారం అవతలి కంప్యూటర్ నుంచి ఏ అలికిడీ లేకపోతే డివైస్ తనంతట తానే సస్పెండ్‌లోకి, అంటే నిద్రలోకి పోవాలి, అప్పుడు 2.5 మిల్లీ ఆంప్స్ కంటే ఎక్కువ లాగకూడదు. అలా పోయుంటే లైట్ ఆరిపోయేది, బ్యాటరీలో ఒక శాతం కూడా కదిలేది కాదు. కానీ ఆ రూల్ అందరూ పాటించరు, మీ మౌస్ పాటించట్లేదని దాని లైటే చెప్తోంది.

ఈ రాత్రి చెయ్యాల్సిన మొదటి పని ఏంటంటే, సెట్టింగులు ఏవీ ముట్టుకోకుండా మౌస్‌ని అవతలి పక్క పోర్టుకి మార్చి షట్‌డౌన్ చేసి లైట్ చూడండి. ఆఫ్‌లో కూడా పవర్ ఇచ్చే సదుపాయం చాలా లాప్‌టాప్‌లలో అన్ని పోర్టులకీ ఉండదు, ఒక్కదానికో రెండిటికో ఉంటుంది, దాని పక్కన మెరుపు గుర్తో బ్యాటరీ బొమ్మో ఉంటుంది, కొన్ని మోడల్స్‌లో పోర్టు లోపల ప్లాస్టిక్ ముక్క పసుపు రంగులో ఉంటుంది. మీరు తెలియక రెండేళ్ళుగా సరిగ్గా ఆ పోర్టులోనే మౌస్ గుచ్చి ఉండొచ్చు. పోర్టు మార్చగానే లైట్ ఆరిపోతే మీ సమస్య అక్కడితో అయిపోయినట్టే, కింద రాసిందంతా కుతూహలం ఉంటేనే చదవండి.

ఆరకపోతే రెండో టెస్ట్. స్టార్ట్ మెనూలో షట్‌డౌన్ నొక్కేటప్పుడు కీబోర్డు మీద షిఫ్ట్ కీ పట్టుకుని నొక్కండి, మిషన్ పూర్తిగా ఆఫ్ అయ్యేదాకా షిఫ్ట్ వదలొద్దు. ఇప్పుడు లైట్ చూడండి. ఈ షిఫ్ట్ గొడవేంటి అంటారా, చెప్తా, ఇది అసలు విషయం.

2012 లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి షట్‌డౌన్ అనే మాటకి అర్థం మారిపోయింది, ఆ సంగతి ఎవరూ మనకి గట్టిగా చెప్పలేదు. ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి పెట్టారు, అది ఆన్‌లో ఉంటే మీరు షట్‌డౌన్ కొట్టినప్పుడు మీ ప్రోగ్రాములన్నీ మూసేసి, మిమ్మల్ని లాగవుట్ చేసి, విండోస్ లోపలి గుండెకాయని మాత్రం అలాగే డిస్క్‌లో ఒక ఫైల్‌గా దాచి పడుకోబెడుతుంది, పొద్దున్న దాన్నే లేపుతుంది, అందుకే తొందరగా ఆన్ అవుతుంది. అంటే అది సగం షట్‌డౌన్, సగం హైబర్నేట్. హార్డ్‌వేర్ భాషలో అయితే హైబర్నేట్ ఎస్4, అసలు షట్‌డౌన్ ఎస్5, ఈ రెంటికీ పోర్టుల్ని ఎలా చూడాలన్నది లాప్‌టాప్ తయారు చేసినవాళ్ళ ఇష్టం, కొన్ని మిషన్లు ఎస్4 లో పోర్టుకి కరెంటు వదిలి ఎస్5 లో కట్ చేస్తాయి. షిఫ్ట్ పట్టుకుంటే ఈ మెలిక లేకుండా అసలు షట్‌డౌన్ జరుగుతుంది. తమాషా ఏంటంటే రీస్టార్ట్ కొడితే మాత్రం ఎప్పుడూ పూర్తిగానే ఆగి మొదలవుతుంది, షట్‌డౌన్ కొడితే సగమే ఆగుతుంది, పేర్లు తిరగేసి పెట్టినట్టు ఉంటుంది వ్యవహారం.

మీ మిషన్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉందో లేదో తేలిగ్గా తెలుసుకోవాలంటే, పొద్దున్న ఆన్ చేసిన వెంటనే టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ దగ్గర అప్ టైమ్ అని ఉంటుంది చూడండి. రాత్రి ఆపి పొద్దున్న ఆన్ చేసిన మిషన్ అక్కడ రెండు నిమిషాలు చూపించాలి. నాలుగు రోజులు, తొమ్మిది రోజులు అని చూపిస్తే మీరు ఇన్నాళ్ళూ చేసింది షట్‌డౌన్ కాదన్నమాట.

షిఫ్ట్‌తో ఆపితే లైట్ ఆరిపోయింది అంటే ఫాస్ట్ స్టార్టప్ తీసేస్తే చాలు. కంట్రోల్ ప్యానెల్ తెరిచి, పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్ళి, ఎడమ పక్క పవర్ బటన్లు ఏం చెయ్యాలో ఎంచుకోండి అనే లైన్ ఉంటుంది అది నొక్కండి, టిక్కులు మసగ్గా ఉండి నొక్కనివ్వవు, పైన ప్రస్తుతం అందుబాటులో లేని సెట్టింగ్స్ మార్చండి అనే లింకు నొక్కితే అప్పుడు లొంగుతాయి, ఫాస్ట్ స్టార్టప్ టిక్కు తీసేసి సేవ్ చెయ్యండి. ఆన్ అవ్వడం కొన్ని సెకన్లు ఆలస్యం అవుతుంది, ఎస్ఎస్‌డీ ఉన్న మిషన్‌లో ఆ తేడా మీరు పట్టించుకోరు. నేనైతే కొత్త లాప్‌టాప్ చేతికి రాగానే చేసే మొదటి పని ఇదే. విండోస్ పెద్ద అప్‌డేట్ ఏదైనా వచ్చాక ఆ టిక్కు మళ్ళీ వచ్చి కూర్చుందేమో ఒకసారి చూసుకోవడం మంచిది.

షిఫ్ట్‌తో ఆపినా లైట్ వెలుగుతూనే ఉందనుకోండి, అప్పుడు సంగతి విండోస్ చేతిలో లేదు, బయాస్‌లో ఉంది, అంటే విండోస్ కంటే ముందే లేచే లాప్‌టాప్ సొంత సెట్టింగుల ప్రోగ్రాంలో. మీరు డివైస్ మేనేజర్‌లో చూసిన టిక్కులు ఎందుకు పని చెయ్యలేదో కూడా ఇక్కడే అర్థమవుతుంది. రూట్ హబ్ ప్రాపర్టీస్‌లో ఉండే ఆ టిక్కు, పవర్ ప్లాన్‌లో కనపడే యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్, ఇవన్నీ విండోస్ నడుస్తున్నప్పుడు ఖాళీగా ఉన్న డివైస్‌ని పడుకోబెట్టడానికి. విండోస్ ఆగిపోయాక దాని మాట వినేవాళ్ళు ఎవరూ ఉండరు. యజమాని ఊరెళ్ళాక ఆయన గోడకి అంటించిన రూల్స్ లాంటివి అవి. నెట్‌లో మాత్రం ఈ సమస్యకి సగం మంది ఇచ్చే సలహా అదే, చదివి విసుగొస్తుంది.

లాప్‌టాప్ పూర్తిగా ఆఫ్‌లో ఉన్నా లోపల ఒక చిన్న చిప్పు మేలుకునే ఉంటుంది, ఎంబెడెడ్ కంట్రోలర్ అంటారు. మీరు పవర్ బటన్ నొక్కితే మిషన్ లేస్తుందంటే ఆ నొక్కుడుని ఎవరో ఒకరు గమనిస్తూ ఉండాలి కదా, అది ఈయనే. చార్జర్ గుచ్చారా లేదా, మూత తెరిచారా లేదా, అన్నీ చూసుకునేది ఇదే. దీనికీ గడియారానికీ అయ్యే ఖర్చు చాలా తక్కువ, బాగా చేసిన మిషన్‌లో ఒక్క రాత్రికి శాతం కదలకపోవచ్చు కూడా. ఆఫ్‌లో ఏ పోర్టుకి పవర్ వదలాలి అన్నది ఈ చిప్పు బయాస్‌లో మీరు పెట్టిన సెట్టింగ్ చూసి నడుచుకుంటుంది.

ఈ సెట్టింగ్‌కి ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది. లెనోవోలో ఆల్వేస్ ఆన్ యూఎస్‌బీ, డెల్‌లో పవర్‌షేర్, ఏసర్‌లో పవర్ ఆఫ్ యూఎస్‌బీ చార్జింగ్, ఆసుస్‌లో యూఎస్‌బీ చార్జర్ ప్లస్, పాత తోషిబాల్లో స్లీప్ అండ్ చార్జ్. అన్నిటి ఉద్దేశం ఒకటే, లాప్‌టాప్ బ్యాగులో ఉండగా ఫోన్ చార్జ్ చేసుకోవచ్చని. చెడ్డ ఆలోచనేం కాదు, బస్సులోనో రైల్లోనో ఫోన్ చచ్చిపోయినప్పుడు ప్రాణం లేచొస్తుంది. కాకపోతే ఖరీదు తెలిసి వాడాలి, ఫోన్ బ్యాటరీ 15 వాట్ అవర్లు ఉంటే మధ్యలో పోయే వేస్టేజి కలుపుకుని లాప్‌టాప్ నుంచి 20 దాకా పోతుంది, మీ 50 లో అది 40 శాతం. కొన్ని మిషన్లలో ఇంత శాతానికి దిగితే పోర్టు ఆపెయ్ అని లిమిట్ పెట్టుకునే వీలుంది, ఫోన్ కోసం ఈ సదుపాయం ఉంచుకోవాలంటే ఆ లిమిట్ పైకి పెట్టుకోండి.

బయాస్‌లోకి వెళ్ళడానికి ఆన్ చేసిన వెంటనే డెల్, ఏసర్, ఆసుస్‌లలో ఎక్కువగా ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10, థింక్‌ప్యాడ్‌లో ఎఫ్1 కొడుతూ ఉండాలి. ఈ కాలం మిషన్లు ఎంత తొందరగా లేస్తాయంటే కీ కొట్టే సందు కూడా ఇవ్వవు, అందుకే సులువైన దారి ఇంకోటి ఉంది, షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి, నీలం స్క్రీన్ వస్తుంది, ట్రబుల్‌షూట్, తర్వాత అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అందులో యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్ అని ఉంటుంది, ఈ కాలం బయాస్‌కి అదే పేరు, అది నొక్కితే తనే తీసుకెళ్తుంది. ఒక్క జాగ్రత్త, విండోస్ 11 మిషన్లు చాలావాటిలో డిస్క్ ఎన్‌క్రిప్షన్, అంటే డిస్క్‌కి బిట్‌లాకర్ అనే తాళం, ముందే ఆన్ అయి ఉంటుంది, బయాస్‌లో వేరే ఏదైనా పొరపాటున మారిస్తే బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతుంది, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఆ కీ ఉందో లేదో ముందే చూసి కాగితం మీద రాసి పెట్టుకోండి. యూఎస్‌బీ సెట్టింగ్ ఒక్కటి మారిస్తే మామూలుగా అడగదు గానీ లోపలికి వెళ్ళాక చెయ్యి ఊరుకోదు కదా.

లోపల పైన చెప్పిన పేర్లలో మీ కంపెనీది వెతికి డిసేబుల్ చెయ్యండి. కొన్ని లెనోవోల్లో దాని కింద బ్యాటరీ మోడ్‌లో చార్జ్ అని ఇంకో లైన్ ఉంటుంది, అది ఒక్కటి తీసేస్తే చార్జర్ గుచ్చి ఉన్నప్పుడు పోర్టు పని చేస్తుంది, బ్యాటరీ మీద ఉన్నప్పుడు చెయ్యదు, రెండు విధాలా లాభం. పనిలో పని వేక్ ఆన్ లాన్ కనిపిస్తే అది కూడా ఆఫ్ చెయ్యండి, నెట్‌వర్క్ నుంచి ఎవరైనా లేపుతారేమో అని లాన్ చిప్పు రాత్రంతా చెవులు రిక్కించుకుని ఉండటానికి కూడా కరెంటు కావాలి, ఇంట్లో వాడే లాప్‌టాప్‌కి దాంతో పనేముంది. మూత తెరిస్తే ఆన్ అవ్వడం అని ఒకటి ఉంటుంది, అది ఈ సమస్యకి సంబంధం లేదు, ఇష్టమైతే ఉంచుకోండి. బయాస్‌లో ఏ పేరూ దొరకకపోతే కంపెనీ వాళ్ళు విండోస్‌లో పెట్టిన సొంత యాప్‌లో చూడండి, లెనోవో వాంటేజ్ లాంటివి, కొన్ని మోడల్స్‌కి ఈ స్విచ్ అక్కడే ఉంటుంది.

ఇక సర్వీస్ సెంటర్ వాళ్ళ మాట. మీ మీద కోపం లేదు, వాళ్ళ మీదా లేదు, కానీ ఈ విషయంలో నాకు కాలిన చెయ్యి ఉంది. కొన్నేళ్ళ కిందట నాకూ ఇలాగే రాత్రికి రాత్రి తగ్గిపోతుంటే ఒక చోట బ్యాటరీ మార్చేయమన్నారు, మార్చేశాను, కొత్త బ్యాటరీ కూడా అదే లెక్కన తగ్గింది. అప్పుడు గానీ బుద్ధి రాలేదు, టేబుల్ మీద చూస్తే టైప్-సి హబ్ ఒకటి, అదే ఒక్క పోర్టుని నాలుగైదు పోర్టులుగా చేసే డబ్బా, ఎప్పుడూ గుచ్చే ఉండేది, పొద్దున్న ముట్టుకుంటే గోరువెచ్చగా తగిలేది. రాత్రంతా పని లేని హబ్ వెచ్చగా ఉండటం ఏంటి అని అప్పటిదాకా తట్టలేదు. హెచ్‌డీఎంఐ, లాన్ ఉన్న హబ్బులు మౌస్ కంటే చాలా ఎక్కువ తాగుతాయి, ఒక్క వాట్ చొప్పున లాగినా పది గంటల్లో మీ బ్యాటరీలో 20 శాతం. మీకూ అలాంటిది ఏదైనా ఉంటే మౌస్ కంటే ముందు దాన్ని పీకండి. వైర్‌లెస్ మౌస్ రిసీవర్లయితే అంత కాదు, 20 మిల్లీ ఆంప్స్ అనుకున్నా రాత్రికి 2 శాతం, బయటి హార్డ్ డిస్క్ అయితే మాత్రం సంగతి వేరు, లోపల పళ్ళెం తిరుగుతూనే ఉంటే తెల్లారేసరికి బ్యాటరీలో చాలా భాగం పోవచ్చు.

అయితే బ్యాటరీని పూర్తిగా వెనకేసుకొస్తున్నానని అనుకోకండి, దాన్నీ బోనెక్కిద్దాం. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇంగ్లీషు అక్షరాల్లో పవర్‌సీఎఫ్‌జీ అని ఒకే మాటగా, స్పేస్ ఇచ్చి, స్లాష్ పెట్టి, బ్యాటరీరిపోర్ట్ అని మళ్ళీ ఒకే మాటగా కొట్టి ఎంటర్ నొక్కండి, ఒక ఫైల్ తయారై అది ఎక్కడ పెట్టిందో చూపిస్తుంది, దాన్ని బ్రౌజర్‌లో తెరవండి. అందులో డిజైన్ కెపాసిటీ అంటే కొత్తప్పటి లెక్క, ఫుల్ చార్జ్ కెపాసిటీ అంటే ఇప్పటి లెక్క. రెండేళ్ళ బ్యాటరీకి 50 కి 43, 42 ఉంటే అది మామూలు అరుగుదల. శాతం అనేది ఎప్పుడూ ఇప్పటి కెపాసిటీలో శాతమే కాబట్టి, మీది 43 కి దిగుంటే ఆ 12 శాతం 6 కాదు, 5.2 వాట్ అవర్లే, నేను పైన వేసిన లెక్క కూడా ఆ మేరకు తగ్గుతుంది. అరిగిన బ్యాటరీలో అదే కారుడు ఎక్కువ శాతంలా కనిపిస్తుంది, ఇది గుర్తు పెట్టుకోవాల్సిన విషయం, బ్యాటరీ పోయింది అనే మాట సగం ఇక్కడే పుడుతుంది.

అదే రిపోర్ట్‌లో కింద రీసెంట్ యూసేజ్ అని పట్టిక ఉంటుంది, ఏ టైమ్‌కి ఎన్ని మిల్లీ వాట్ అవర్లు మిగిలున్నాయో వరసగా రాసి ఉంటుంది. రాత్రి ఆపే ముందు చివరి అంకె, పొద్దున్న మొదటి అంకె, రెండూ తీసేస్తే రాత్రి ఖర్చు వచ్చేస్తుంది, శాతాల్లో చూసుకునే కంటే ఇది చాలా నికరం.

ఇప్పుడు మూడు రాత్రుల పరీక్ష. మొదటి రాత్రి మౌస్‌తో సహా అన్నీ పీకేసి, షిఫ్ట్ పట్టుకుని పూర్తిగా ఆపి, చార్జర్ తీసి పడుకోండి. రెండో రాత్రి మళ్ళీ అన్నీ పీకేసే ఉంచి, షిఫ్ట్ లేకుండా మీ మామూలు పద్ధతిలో ఆపండి. మూడో రాత్రి మౌస్ గుచ్చి మామూలుగా ఆపండి. మూడు రోజులూ దాదాపు అదే శాతం దగ్గర మొదలెట్టాలి, అదే టైమ్ ఉంచాలి, మధ్యలో సెట్టింగులు మార్చకూడదు. ఒక్కసారే నాలుగు మార్పులు చేసి తగ్గింది అని సంతోషపడితే ఏది తగ్గించిందో ఎప్పటికీ తెలియదు, నెల తర్వాత మళ్ళీ వచ్చినప్పుడు మళ్ళీ మొదటికి. మొదటి రెండు రాత్రులూ దాదాపు ఏమీ పోకుండా మూడో రాత్రి 12 శాతం పోతే కారణం ఆ మౌసూ, ఆ పోర్టూ. రెండో రాత్రే పోతే ఫాస్ట్ స్టార్టప్, లేదా ఆ స్థితిలో ఇంకేదో మేలుకుని ఉంటోంది.

మొదటి రాత్రే, అన్నీ పీకేసి పూర్తిగా ఆపినా 10 శాతం పోయిందనుకోండి, అప్పుడు సర్వీస్ సెంటర్ వాళ్ళ మాటకి బలం వస్తుంది, అయినా ఇంకా పూర్తిగా కాదు. లిథియం అయాన్ బ్యాటరీ దానంతట అది నెలకి కొద్ది శాతమే పోగొట్టుకుంటుంది, ఒక్క రాత్రికి పది పోగొట్టుకోదు. కాబట్టి అయితే సెల్ చెడిపోయి ఉండాలి, లేకపోతే బోర్డులో ఏదో కారుతుండాలి. ఈ రెంటినీ విడదీసే ఉపాయం, ఆపిన పది నిమిషాలకే మళ్ళీ ఆన్ చేసి చూడటం. పది నిమిషాల్లోనే 8 శాతం పడిపోయినట్టు చూపిస్తే అది కారడం కాదు, పది నిమిషాల్లో అంత కరెంటు పోవాలంటే ఆఫ్‌లో ఉన్న మిషన్ కాలిపోయేంత వేడెక్కాలి, అది బ్యాటరీ మీటర్ తప్పుడు లెక్క. ఒకసారి ఫుల్ చార్జ్ చేసి, ఆగిపోయేదాకా వాడి, మళ్ళీ ఆపకుండా ఫుల్ చేస్తే మీటర్ చాలాసార్లు దారిలో పడుతుంది. అప్పటికీ 40 నుంచి ఒక్కసారిగా 15 కి దూకుతుంటే సెల్ పని అయిపోయింది, మార్చేయండి. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినట్టున్నా, మూత సరిగ్గా మూసుకోకపోయినా ఈ పరీక్షలేవీ వద్దు, వాడటం, చార్జ్ చెయ్యడం ఆపి అదే రోజు తీయించేయండి.

నెమ్మదిగా గంట గంటకీ సమానంగా పోతుంటే బోర్డు వైపు చూడాలి. ఎప్పుడైనా కాఫీ, నీళ్ళు ఒలికాయా, పోర్టులో తుప్పు కనిపిస్తోందా చూడండి. అంతకంటే ముందు ఒక చిట్కా, చార్జర్ పీకేసి పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టుకుని వదలండి, ఇందాక చెప్పిన ఎంబెడెడ్ కంట్రోలర్ ఎక్కడో తికమకపడి ఉంటే మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది, చాలా మోడల్స్‌లో ఇది పని చేస్తుంది, కొన్నిటికి అడుగున గుండుసూది పట్టే చిన్న రీసెట్ కన్నం ఉంటుంది. బయాస్ అప్‌డేట్ ఉంటే అది కూడా వేయండి, చార్జర్ గుచ్చి, రికవరీ కీ దగ్గర పెట్టుకుని.

ఇంకొకటి, మీరు ఉత్తరంలో షట్‌డౌన్ అన్నారు కాబట్టి నమ్ముతున్నాను, కానీ ఇదే ప్రశ్న అడిగేవాళ్ళలో చాలామంది మూత మూసేసి దాన్నే ఆఫ్ అనుకుంటారు. అది స్లీప్. కొత్త మిషన్లలో మోడర్న్ స్టాండ్‌బై అని వస్తోంది, మూత మూశాక కూడా ఫోన్‌లాగా సగం మెలకువగా ఉంటుంది, రాత్రికి 10 శాతం పోవడం అక్కడ వింతేం కాదు, దానికి మౌస్‌ని తిట్టి లాభం లేదు.

ఏ సెట్టింగూ దొరకక, మూడో రాత్రి లెక్క మౌస్ వైపే చూపిస్తే సిగ్గుపడకుండా పడుకునే ముందు మౌస్ పీకేయండి, లేదా ఒక్కో పోర్టుకీ బటన్ ఉన్న చిన్న యూఎస్‌బీ హబ్ మధ్యలో పెట్టుకోండి, బటన్ నొక్కితే లైట్ ఆరిపోతుంది. ఖాళీ పోర్టు గురించి మరీ బెంగ వద్దు, టైప్-సి పోర్టులో ఏమీ గుచ్చకపోతే అసలు 5 వోల్టులు బయటికి రావు, మామూలు పోర్టులో వచ్చినా తాగేవాళ్ళు లేకపోతే పోయేది బహు స్వల్పం. నెల రోజులు వాడకుండా పక్కన పెట్టాల్సి వస్తే మాత్రం అన్నీ పీకేసి, 50 శాతం దగ్గర ఉంచి, పూర్తిగా ఆపి పెట్టండి, కారుతూ కారుతూ సున్నాకి వెళ్ళి అక్కడే రోజుల తరబడి ఉంటే మంచి బ్యాటరీ కూడా నిజంగానే పోతుంది, అప్పుడు సర్వీస్ సెంటర్ వాళ్ళు చెప్పిందే నిజమై కూర్చుంటుంది.

మూడు రాత్రుల అంకెలు, మీ మోడల్ పేరు, ఫుల్ చార్జ్ కెపాసిటీ ఎంత చూపించిందో రాసి పంపండి, మొదటి రాత్రి కూడా పోయిందని తేలితే బోర్డు సంగతి విడిగా మాట్లాడుకుందాం.